మశూచి మీదికి నెట్టేసిన నేరం

అమెరికా ఖండాల మూలవాసులు ఏమైపోయారని అడిగితే చదువుకున్నవాళ్ల దగ్గర ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: రోగాలొచ్చి పోయారు. మశూచి, తట్టు, ఇన్‌ఫ్లుయెంజా యూరప్ ఓడల్లో వచ్చి దిగాయి, వాటిని తట్టుకునే శక్తి అక్కడివాళ్ల ఒంట్లో లేదు, పిట్టల్లా రాలిపోయారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఈ జవాబు చాలామందికి సుఖంగా ఉంటుంది. సూక్ష్మజీవి మీద ఎవరూ కేసు పెట్టలేరు కదా.

హిస్పానియోలా సంగతే చూద్దాం. ఇవాళ హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవి అది. కొలంబస్ 1492 డిసెంబరులో అక్కడ దిగేనాటికి టైనో జనం ఎంతమంది అన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తెగని లెక్క. లక్ష అన్నవాళ్లున్నారు, పది లక్షల పైమాటే అన్నవాళ్లూ ఉన్నారు. తక్కువ అంకెనే ఒప్పుకుందాం. 1514లో స్పానిష్ అధికారులు కూలి మనుషులను తమవాళ్లకు పంచిపెట్టడానికి తలలు లెక్కబెడితే తేలింది సుమారు 26 వేలు. ఆ దీవిలో మశూచి సోకినట్టు తొలి దాఖలా కనిపించేది 1518 చివర్లో. నేరం జరిగిన నాలుగేళ్లకు గానీ ముద్దాయి ఊళ్లోకి రాలేదన్నమాట! వేరే జ్వరాలు అంతకుముందే వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ జ్వరం ఒక్కటే ఒక జాతిని ఇలా నేలమట్టం చేయదు. 14వ శతాబ్దపు మహా ప్లేగు యూరప్‌లో మూడోవంతు జనాన్ని మింగింది. బతికినవాళ్ల పొలాలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు, కొన్ని తరాలకు ఊళ్లు మళ్లీ నిండాయి. టైనోలకు ఆ వెసులుబాటే లేకుండా పోయింది.

1495లో కొలంబస్ వాళ్ల మీద కప్పం వేశాడు. బంగారం దొరికే సిబావో ప్రాంతంలో 14 ఏళ్లు దాటిన ప్రతి మనిషీ మూడు నెలలకోసారి ఒక గజ్జె నిండా బంగారు రవ్వ తెచ్చి పోయాలి. యూరప్ దొరలు వేటకు పెంచుకునే డేగల కాళ్లకు కట్టే గజ్జె అది. బంగారం లేని చోట 25 పౌండ్ల పత్తి. కప్పం కట్టినవాళ్లు రసీదులాంటి ఒక బిళ్లను మెడలో వేలాడదీసుకుని తిరగాలి. బిళ్ల లేని మెడ కనిపిస్తే శిక్షే. వాగుల్లో ఇసుక జల్లించి ఆ గజ్జె నింపడం చాలామందికి అయ్యే పని కాదు. కొందరు కొండల్లోకి పారిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఎన్‌కొమియెండా పద్ధతిలో, మిగిలినవాళ్లను గుంపులు గుంపులుగా స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లకు అప్పజెప్పి నెలల తరబడి గనుల్లో పెట్టారు. టైనోల తిండి కర్రపెండలం. మన గోదావరి మెట్టల్లో పండే ఈ దుంపకు పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. నాటేవాడు గనిలో ఉంటే దుంప ఎక్కడి నుంచి వస్తుంది? మశూచి వచ్చేసరికి అది చంపాల్సింది అర్ధాకలి మనుషులనే.

ఆనాటివాళ్లకు ఇదంతా తెలియక జరిగిందనుకోవడానికి లేదు. 1511 డిసెంబరులో సాంటో డొమింగో చర్చిలో ఆంటోనియో దె మాంటెసినోస్ అనే డొమినికన్ సన్యాసి, ఎదురుగా కూర్చున్న గనుల యజమానులను ఏ హక్కుతో వీళ్లను చంపుకు తింటున్నారని నిలదీశాడు. వాళ్లు మండిపడ్డారు. రాజు ఆ మరుసటి ఏడాదే బుర్గోస్ చట్టాలు తెచ్చాడు. చాకిరీని రద్దు చేయలేదు, దానికి నిబంధనలు రాశాడు. 1513లో ఇంకో కాగితం తయారైంది. దాడికి ముందు చదివి వినిపించాల్సిన హెచ్చరిక. భూమి మీద దేవుడి ప్రతినిధి పోపు, ఆయన ఈ నేలను మా రాజుకిచ్చాడు, ఒప్పుకుంటే సరి, లేదంటే జరిగే చావులకు మీదే పూచీ అని దాని సారాంశం. చదివేది స్పానిష్‌లో, వినేవాళ్లకు ఆ భాష ముక్క రాదు. కొన్నిసార్లు జనం పారిపోయిన ఊళ్లలో, చెట్ల ముందు కూడా చదివారు. పక్కనే ఒక నోటరీ, చదివినట్టు సంతకం పెట్టడానికి!

నన్ను అడిగితే ఈ దండయాత్ర మొత్తానికీ ప్రాణం ఆ నోటరీ. కత్తులు ప్రపంచంలో అందరి దగ్గరా ఉన్నాయి. దోపిడీని దస్తావేజుగా మార్చుకునే ఓపిక వీళ్ల సొంతం.

స్పెయిన్ ఏలుబడిలోనే, నేటి బొలీవియాలో ఉన్న పొటోసీ వెండిగని గురించి ఒక్క మాట. 1570ల్లో వైస్రాయ్ టొలెడో ఆండీస్ పల్లెల మీద మితా అనే నిర్బంధ చాకిరీ విధించాడు. పని చేయగల మగవాళ్లలో ఏడోవంతు గనికి వెళ్లాలి, ఏటా 13 వేల మంది. ఇంకాల సామ్రాజ్యం కాలం నుంచీ ఉన్న ఆచారానికి కొత్త రిజిస్టరు కట్టారంతే. 17వ శతాబ్దంలో యూరప్ కంపెనీలు మచిలీపట్నం రేవులో బట్టలు కొనడానికి మోసుకొచ్చిన వెండికి మూలం చాలావరకు ఇలాంటి అమెరికా గనులే.

ఇదంతా స్పెయిన్ క్రూరత్వం, ఇంగ్లీషువాళ్లు మెరుగన్న వాదన ఒకటి ఉంది. ఇంగ్లీషు వలసల్లోంచి పుట్టిన అమెరికా దేశం చెరోకీ అనే మూలవాసి జాతిని ఏం చేసిందో చూస్తే అది నిలవదు. 1820ల నాటికి వాళ్లకు సెక్వోయా తయారుచేసిన సొంత లిపి ఉంది, రాజ్యాంగం ఉంది, 1828 నుంచి పత్రిక కూడా ఉంది. నాగరికత నేర్చుకోండి, వదిలేస్తాం అన్న షరతును వాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. అదే సమయంలో జార్జియా ఉత్తర కొండల్లో బంగారం బయటపడింది. 1832లో ఆ రాష్ట్రం చెరోకీల నేలను 160 ఎకరాల పొలం ముక్కలుగా, 40 ఎకరాల బంగారు ముక్కలుగా కోసి శ్వేతజాతి పౌరులకు లాటరీ తీసింది. చెరోకీల పెద్ద జాన్ రాస్ వాషింగ్టన్‌లో తమవాళ్ల తరఫున తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి ఆ ఇంట్లో లాటరీ తగిలినవాడు కాపురం పెట్టి ఉన్నాడు. సుప్రీంకోర్టు 1832లో చెరోకీల పక్షానే తీర్పిచ్చింది. అమలు చేసిన నాథుడు లేడు. 1835లో జాతి ప్రభుత్వానికి సంబంధం లేని ఒక చిన్న వర్గం చేత న్యూ ఎకోటాలో ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. అది చెల్లదని వేలమంది అర్జీ పెట్టుకున్నా, కావలసిన మూడింట రెండొంతుల మద్దతు ఒకే ఒక్క ఓటుతో గట్టెక్కి సెనేట్ ఆమోదించింది. 1838లో సైనికులు ఇళ్ల మీద పడి, సుమారు 16 వేల మందిని దడులు కట్టిన శిబిరాల్లోకి తోలి, అక్కడి నుంచి పడమటికి నడిపించారు. సుమారు 4 వేల మంది పోయారని అంచనా. చాలామందిని చంపింది విరేచనాలు, కోరింత దగ్గు. రోగమే చంపింది, నిజమే. దడి కట్టిందెవరు?

ఈ పనులన్నిటికీ కింద ఉన్న సూత్రాన్ని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ 1823లో జాన్సన్ వర్సెస్ మెకింటోష్ కేసులో రాసిపెట్టాడు. నేలను 'కనుగొన్న' క్రైస్తవ రాజ్యానికే దాని మీద యాజమాన్యం, మూలవాసికి అక్కడ ఉండే హక్కు మాత్రమే. 15వ శతాబ్దపు పోపు ఆజ్ఞల నుంచి దిగిన ఈ సిద్ధాంతం పాత బీరువాలో లేదు. న్యూయార్క్‌లోని ఒనైడా జాతి తమ పాత నేలను బజారు ధరకు కొనుక్కున్నా, దాని మీద తమ సార్వభౌమత్వం తిరిగి రాదని 2005లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు ఫుట్‌నోటులో ఆ సిద్ధాంతమే ఉంది. రాసింది ఉదారవాదులు నెత్తిన పెట్టుకునే రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. 2023 మార్చిలో వాటికన్ ఆ సిద్ధాంతాన్ని తిరస్కరిస్తున్నట్టు ప్రకటించింది. పుట్టించినవాళ్లు కాదన్నా కోర్టుల్లో దాని చెలామణీ ఆగలేదు.

ఇప్పుడు వీటన్నిటికీ ఏం చేయగలం, కోట్లమందిని ఇళ్లు ఖాళీ చేయించాలా అనేవాళ్లకు సౌత్ డకోటాలోని బ్లాక్ హిల్స్ చూపించాలి. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1868 ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటా జాతివి. వయోజన పురుషుల్లో ముప్పావువంతు సంతకం లేనిదే ముట్టుకోకూడదు. 1874లో బంగారం జాడ దొరికింది. కొండలు వదులుకోకపోతే రేషన్ ఆపేస్తామని బెదిరించి, పదోవంతు సంతకాలతో 1877లో చట్టం చేసి లాగేసుకున్నారు. అక్కడి హోమ్‌స్టేక్ గని 2002 దాకా నడిచింది, సుమారు 4 కోట్ల ఔన్సుల బంగారం తీసింది. 1980లో సుప్రీంకోర్టు ఇది తప్పేనని ఒప్పుకుని 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేసింది. అమ్మని నేలకు ధరేమిటని లకోటాలు తీసుకోలేదు. వడ్డీతో అది 100 కోట్ల డాలర్లు దాటింది. అమెరికాలోకెల్లా పేద ప్రాంతాల్లో ఒకటైన పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంటూ కూడా వాళ్లు దాన్ని ముట్టలేదు.

ఆ కొండల్లో పెద్ద భాగం నేటికీ ఫెడరల్ అటవీ భూమి. ఎవరినీ ఇల్లు కదిలించక్కర్లేదు. 1970లో అధ్యక్షుడు నిక్సన్ కాంగ్రెస్ చేసిన చట్టం మీద సంతకం పెట్టి న్యూ మెక్సికోలోని బ్లూ లేక్ చుట్టూ ఉన్న 48 వేల ఎకరాల అటవీ భూమిని టావోస్ ప్యూబ్లో జాతికి తిరిగి ఇచ్చేశాడు కూడా. 1985లో సెనేటర్ బిల్ బ్రాడ్లీ అదే దారిలో, ప్రైవేటు ఆస్తులనూ మౌంట్ రష్‌మోర్‌నూ మినహాయించి, బ్లాక్ హిల్స్‌లో 13 లక్షల ఎకరాలు లకోటాలకు ఇవ్వాలని బిల్లు పెట్టాడు. అది ఓటింగు దాకా రానేలేదు.