ఇల్లిచ్చే ప్రభుత్వం గడప దాటించలేదా?

పేరు చెప్పగానే ‘ఇల్లు వేరేవారికి ఇచ్చేశాము’ అన్న జవాబు మన కుటుంబాలకు కొత్త కాదు. ‘టు లెట్’ పలక మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది. దీనిని ఇంటి యజమాని సంస్కారలోపమనుకొని మరో వీధి వెతుక్కోవడం మనవారికి అలవాటయింది. ఇది ప్రభుత్వ విధాన లోపమని మేము అంటున్నాము. డెబ్బై ఏళ్లుగా మన గృహనిర్మాణ విధానం ఇళ్లను లెక్కించింది గాని, వాటిలోకి ఎవరిని రానిస్తున్నారో ఏనాడూ విచారించలేదు.

1952లో పారిశ్రామిక కార్మికుల గృహ పథకం, 1970లో హడ్కో, 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు కాలపు పక్కా ఇళ్లు, 2006 నాటి ఇందిరమ్మ ఇళ్లు మన పేదలకూ కొంత నీడనిచ్చాయి. ఆ మేలు కాదనడం కృతఘ్నత అవుతుంది. అయితే పెద్ద పథకాల చూపు ఎక్కువగా పల్లె మీద, సొంత స్థలం ఉన్నవారి మీద నిలిచింది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31 శాతం, ముస్లింలలో దాదాపు 40 శాతం. ఒక్క గది అద్దెకు తీసుకొని బతికే దర్జీని, తోపుడుబండి వ్యాపారిని ‘పట్టా చూపించు, ఇల్లు మంజూరు చేస్తాం’ అంటే ఏమి చూపగలడు?

సచార్ కమిటీ నివేదిక వచ్చిన 2006లోనే ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం వెలువడింది. పథకాల లక్ష్యాలలో, నిధులలో 15 శాతం అల్పసంఖ్యాకులకు కేటాయించాలన్నారు. అయితే దానికి ముందు ‘వీలైనంత మేరకు’ అని చేర్చారు. కార్యాలయాలలో దస్త్రాలు నడిపిన మావంటివారికి ఆ రెండు మాటల బలం తెలుసు. ‘వీలు పడలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే దస్త్రం మూతపడుతుంది, అడిగేవాడుండడు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పట్టణాలలో 12 శాతం, పల్లెలలో 7 శాతం అని అంకెలైతే వేశారు. హైదరాబాదు జిల్లాలో నూటికి నలభై మందికి పైగా ముస్లింలున్న సంగతి ఆ అంకె వేసినవారికి తెలియదా?

ఇల్లు దక్కినా కథ ముగియదు. వడోదరలో ముఖ్యమంత్రి ఆవాస పథకం కింద 2017లో ఒక ముస్లిం మహిళకు ఫ్లాటు కేటాయించారు. 462 ఇళ్ల ఆ సముదాయంలో ఆమెది ఒక్కతే ముస్లిం కుటుంబం. ఆమె రాకూడదని అక్కడివారు అధికారులకు ఫిర్యాదు పెట్టిన సంగతి 2024లో దేశమంతా చదివింది. ప్రభుత్వమే కట్టి, ప్రభుత్వమే ఇచ్చిన ఇంటి గతి ఇదైతే, ప్రైవేటు అద్దె ఇంటి మాట చెప్పేదేముంది?

రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాలలో, హోటళ్లలో, బావుల దగ్గర వివక్షను నిషేధించింది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహ సహకార సంఘం వివాదంలో, సభ్యత్వాన్ని ఒకే సమాజానికి పరిమితం చేసుకోవచ్చునని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిన్న సమాజం తన ఉనికి కోసం కోరుకున్న రక్షణ అది. అదే తర్కాన్ని పెద్ద సమాజాలు వాడుకుంటే మనం నిలిచేదెక్కడ? ఆ తీర్పు తరువాత చట్టం చేయవలసిన బాధ్యత పాలకులది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు ఎన్ని నెలలదో కూడా నిర్ణయించింది. మతం, కులం చూసి ఇల్లు నిరాకరించరాదన్న ఒక్క మాట అందులో లేదు.

అద్దె చట్టాలు రాష్ట్రాల చేతిలోనివి. ఆ ఒక్క నిబంధన చేర్చడానికి హైదరాబాదు, అమరావతి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. చేర్చాక ముస్లిం యజమానులకూ అది వర్తించాలి, మనలోనూ కులమడిగి తలుపు మూసేవారు లేకపోలేదు. లబ్ధిదారుల సంఖ్యను మండలాలవారీగా, వర్గాలవారీగా ఏటా ప్రకటించాలి.

మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ఇప్పుడే ఒక పుస్తకం తెరవాలని కోరుతున్నాము. ఏ వీధిలో, ఏ తేదీన, ఏ మాట చెప్పి ఇల్లు నిరాకరించారో రాయించండి. మంజూరు కాని దరఖాస్తులకు కారణం సమాచార హక్కు చట్టం కింద అడగండి. రాబోయే శాసనసభ సమావేశాలకు ముందే ఆ పుస్తకం నకలు ప్రతి ఎమ్మెల్యే బల్లమీద ఉండాలి.