మెల్లగా విన్నా... నిండుగా!

రాత్రి పది దాటింది. పిల్లలు పడుకున్నారు. పక్క ఫ్లాట్‌వాళ్లకు ఇబ్బంది లేకుండా సౌండ్ తగ్గించి పాత పాటలు పెట్టుకుంటే ఏదో వెలితి. గొంతు వినిపిస్తుంది కానీ తబలా వినపడదు. పగలు ఇల్లంతా మోగించింది ఈ సిస్టమేనా అనిపిస్తుంది. ఇంకాస్త ఎక్కువ వాట్ల యాంప్లిఫయర్ కొనాల్సింది అనుకుంటారు చాలామంది. నిజానికి లోపం వాట్లది కాదు. మన చెవి తీరే అంత!

సౌండ్ తగ్గించేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి మంద్ర స్వరాలే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ ధ్వని 40 డెసిబెల్స్ దగ్గర ఎంత వినిపిస్తుందో, 100 హెర్ట్జ్ ధ్వని కూడా అంతే వినిపించాలంటే 60 డెసిబెల్స్ దాటాలి.

దీనికి విరుగుడు 'లౌడ్‌నెస్' బటన్. తక్కువ సౌండ్‌లో వినేటప్పుడు ఇది బేస్‌నీ, కొంత ట్రెబుల్‌నీ పెంచుతుంది. ఒకప్పటి స్టీరియోల్లో మామూలుగా కనిపించిన ఈ సదుపాయాన్ని తర్వాత చాలా మోడళ్లలో తీసేశారు. యమహా ఎ-ఎస్501 లాంటివాటిలో మాత్రం ఎంత కావాలంటే అంత తిప్పుకునే నాబ్‌గా ఇచ్చారు. అది లేకపోయినా విడివిడిగా బేస్, ట్రెబుల్ నాబ్‌లున్న యాంప్లిఫయర్ అయితే పని జరిగిపోతుంది.

ఇక వాట్ల సంగతి. మెల్లగా వినేటప్పుడు స్పీకర్లకు అందేది చాలావరకు ఒక వాట్‌లోపే. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 50 వాట్లది వదిలి 100 వాట్లది కొన్నా రాత్రి పూట వినే పాటకు ఒరిగేదేమీ లేదు. ఆ తేడా డబ్బేదో మంచి స్పీకర్ల మీద పెట్టడం మేలు.

షోరూమ్‌లో హోరెత్తించి వినిపిస్తే ఏదైనా బాగానే ఉంటుంది. కాబట్టి ఇంట్లో రాత్రిపూట వినేంతే పెట్టమని అడగండి. రెండింటిని పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా ఉండేలా చూసుకోండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగనిపిస్తుంది మరి!

నాబ్‌ని కొద్దిగా మాత్రమే తిప్పి పాత మోనో పాట ఒకటి వినండి. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య నుంచి రావాలి. ఓ పక్కకి ఒరిగితే రెండు చానళ్లూ సమానంగా లేనట్టే. చౌక రకం నాబ్‌లలో ఈ తేడా మొదట్లోనే ఎక్కువ. కొంచెం కదపగానే గది దద్దరిల్లిపోయే యాంప్లిఫయర్ కూడా రాత్రిపూట వినడానికి పనికిరాదు. చివరగా పాట ఆపించండి. కూర్చున్న చోటికి 'సుయ్'మనే శబ్దం వినిపిస్తుంటే దాన్ని అక్కడే వదిలేయండి.

అన్నట్టు, షోరూమ్‌కి బయల్దేరేముందు ఇంట్లో ఉన్న స్పీకర్లను గోడకు కాస్త దగ్గరగా జరిపి చూడండి. బేస్ పెరుగుతుంది. కుర్చీ కూడా స్పీకర్ల వైపు లాక్కుంటే అంతే సౌండ్‌లో పాట నిండుగా వినిపిస్తుంది. కొత్త యాంప్లిఫయర్ అవసరమే రాకపోవచ్చు!