కష్టాలు రాటుదేలుస్తాయా?

మన సభల్లో తరచు వినిపించే మాట ఒకటుంది: "చిన్నప్పుడు కష్టాలు పడ్డవాడే పెద్దయ్యాక రాటుదేలతాడు." వేదికమీద పెద్దలు అంటారు, కింద మనం చప్పట్లు కొడతాం. నేను రైతుబిడ్డను, సైన్సు విద్యార్థిని. ఏ విధంగా చూసినా నాకా మాట నిజమనిపించదు.

ఏ రైతునైనా అడగండి. నీళ్లు చాలక నారుమడిలోనే వాడిపోయిన నారు తెచ్చి నాటితే, తర్వాత ఎంత యూరియా చల్లినా పిలకలు సరిగా రావు. ఎండకు ఓర్చుకుంది గనుక గట్టి నారని ఎవడూ మురిసిపోడు. పైరుకొక న్యాయం, పసివాడికొక న్యాయమా?

మావంటి ఇళ్లల్లో పంట పోయిన ఏడు మొదట కోత పడేది పిల్లల పాలగ్లాసుకే. గేదె ఇంట్లోనే ఉంటుంది, పాలు మాత్రం కేంద్రానికి పోతాయి. వాయిదా కట్టాలి గదా! తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కాని ఆ అప్పు తీరేలోగా పిల్లవాడి ఒంట్లో మరో అప్పు మొదలవుతుంది.

ఇది నా ఊహ కాదు. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని కొన్ని గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందించారు. పక్క గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవారయ్యాక పరిశోధకులు పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. రక్తనాళాల బిరుసుదనం తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. ఇరవై దాటాక చూస్తే చదువులోనూ, ఉపాధిలోనూ వారిదే పైచేయి. తిండి చాలని శిశువు శరీరం పొదుపు నేర్చుకుంటుందనీ, ముందుముందు కడుపునిండా తిన్నప్పుడు ఆ పొదుపే చక్కెరవ్యాధికి దారితీస్తుందనీ 1992లో హేల్స్, బార్కర్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

పేదింట పుట్టి పెద్దవారైనవారు లేరా అంటారు. ఉన్నారు. తర్వాత అందిన తిండి, చదువు, వైద్యం కొంత లోటు పూడుస్తాయి కూడా. కాని గట్టెక్కిన ఒక్కడికి దండ వేస్తున్నాం సరే, ఈ కాలేజీ గేటుదాకా రాలేనివారి లెక్క ఎవరు తీస్తారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. వీరికి కావలసింది ఉపన్యాసమా, ఉడికించిన గుడ్డా?

మిత్రులారా! మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో ఏటా వీధులు ఊడుస్తాం, గోడలకు సున్నం వేస్తాం. మంచిదే. దానితోపాటు ఆ ఊరి అంగన్‌వాడీలో పిల్లల బరువు, ఎత్తు చూసే పనిలో ఓ చెయ్యి వేయలేమా? గుడ్లు, పాలు సక్రమంగా అందని పిల్లల సంగతి పంచాయతీ ముందు పెట్టలేమా? ఈ ఏడాదే విద్యార్థి సంఘం ఇందుకు తీర్మానం చేయాలని కోరుతున్నాను. మొదటి శిబిరానికి నా పేరు రాసుకోండి.