పుస్తకాన్ని కాదు, ఆ నవ్వుని ఆపండి

తొమ్మిదో తరగతిలో మా తెలుగు సారు పుస్తకాల పేర్లు, రాసినోళ్ళ పేర్లు చెప్పి రాయిస్తా ఉన్నాడు. "మాలపల్లి – ఉన్నవ లక్ష్మీనారాయణ" అన్నాడు. అంతే. క్లాసంతా కిసుక్కున నవ్వి, వెనక బెంచీలో ఉన్న మా ముగ్గురి వంక తిరిగింది. మేం మాలపల్లె నుంచి వచ్చే పిల్లోళ్ళం. సారు ఏమీ అనలా. తర్వాత పేరు చెప్పుకుంటా పోయాడు.

ముప్పై ఏళ్ళయింది. ఆ నవ్వు కన్నా, సారు గమ్మునుండటమే నాకు ఇప్పటికీ గుర్తు.

కులం మాటలున్న పాత పుస్తకాలు బళ్ళో చెప్పాలా, తీసెయ్యాలా? ఈ తగువు మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో మార్క్ ట్వేన్ రాసిన 'హకల్‌బెరీ ఫిన్' నవల్లో నల్లవాళ్ళని తిట్టే మాట రెండొందల సార్లకి పైగా ఉంది. బానిసగా ఉన్న జిమ్‌ని మనిషిగా చూపించిన నవల కూడా అదే. 2011లో అలబామాలో ఒక ప్రచురణ సంస్థ ఆ తిట్టు తీసేసి 'బానిస' అని మార్చి అచ్చేసింది. చరిత్రకి సున్నం కొడుతున్నారని కొందరు తిట్టారు. మా బిడ్డ క్లాసులో కూచుని ఆ మాట ఎందుకు వినాలని నల్లజాతి తల్లిదండ్రులు కొందరు అడిగారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఇప్పుడు మన సంగతి. 'మాలపల్లి'కి మన పల్నాడుతో పేగు బంధం ఉంది. 1921లో అడవిలో పశువులు మేపుకోటానికి పుల్లరి కట్టం అని మనోళ్ళు తిరగబడ్డారు. ఆ ఉద్యమంలో జైలుకెళ్ళిన ఉన్నవ, రాయవెల్లూరు జైల్లో కూచుని ఈ నవల రాశాడు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. ఆ మరుసటేడు, 1923లో, మద్రాసు సర్కారు ఈ నవలని నిషేధించింది. మధ్యలో వదిలిపెట్టి 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే అది పోయింది. సర్కారు జడిసింది కులం మాటకి కాదు. కూలోళ్ళు నోరు తెరిచి కూలి అడిగే కథకి.

నిషేధం పాత ముచ్చట కాదు. 2022 జనవరిలో ఆర్యవైశ్యుల ఫిర్యాదు మీద మన ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని ఆపేసింది. వాళ్ళ బాధ అబద్ధమని నేననను. కానీ జీవో ఇస్తే నాటకం ఆగుతుంది, వెటకారం ఆగదు. బోరింగు కాడ, క్రికెట్లో, వాట్సాప్ గ్రూపుల్లో మన పిల్లోళ్ళు ఆ మాటలు రోజూ వింటానే ఉన్నారు. ఆ మాట ఎట్టా పుట్టిందో, ఎవరి మీద వాడారో విడమరిచి చెప్పగలిగేది బడి ఒక్కటే. పుస్తకం తీసేస్తే ఆ ఒక్క చోటు కూడా పోయినట్టే.

అట్టాగని పుస్తకం చేతికిచ్చి చదవండని వదిలేస్తే కుదరదు. పాఠం మొదలెట్టే ముందే సారు చెప్పాలి: పెత్తందారు నోట్లో ఈ మాట తిట్టు, అట్ట మీద మాత్రం అది మనుషులు బతికే చోటు పేరు. ఆ పేరా మా పిల్లోళ్ళ చేత పైకి చదివించొద్దు. ఎవరన్నా నవ్వితే పాఠం ఆపి, ఎందుకు నవ్వావని అడగాలి. అందరి ముందు కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం కింద నేరం. కానీ తొమ్మిదో తరగతి పిల్లోడి నవ్వుకి పోలీసు అక్కర్లేదు, పంతులు చాలు.

ఇంకొక్క మాట. ఉన్నవ దళితుడు కాదు. మా పల్లెని ప్రేమతోనే చూశాడు గానీ బయటి నుంచి చూశాడు. అందుకని పక్కనే మన వినుకొండ జాషువా 'గబ్బిలం' కూడా చెప్పాలి. గుడిలోకి గబ్బిలం పోవచ్చు, మనిషి పోకూడదు. ఆ బాధ అనుభవించినోడే రాసిన కావ్యం అది.

నేను 'మాలపల్లి' చదివింది బడి మానేసిన చాలా ఏళ్ళకి, లైబ్రరీలో. పాలేరు సంగదాసు చౌదరయ్య దెబ్బకి చచ్చిపోయిన కాడ పుస్తకం మూసి బయటికొచ్చి కూచున్నా. "ఇది మన పుల్లరి గొడవలో జైలుకెళ్ళిన మనిషి రాసిన పుస్తకంరా" అని ఆ రోజు సారు ఒక్క ముక్క చెప్పుంటే, మేం ముగ్గురం తలెత్తుకుని కూచునేవాళ్ళం. నవ్వినోళ్ళు కూడా ఏదో ఒకటి నేర్చుకునేవాళ్ళు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీలో కొందరు పంతుళ్ళవుతారు. ఆ పేరు చదివేటప్పుడు ఒక్కసారి వెనక బెంచీ వంక చూడండి. గమ్మునుండొద్దు.