కారమూ, క్షారమూ

రసాయన శాస్త్రంలోని తెలుగు పారిభాషిక పదాలు తప్పుల తడకలనీ, ఆక్సిజన్‌ను 'ఆమ్లజని' అనడమే అందుకు నిదర్శనమనీ, కనుక ఆ పాఠాలు ఇంగ్లీషులోనే చెప్పాలనీ ఒక మిత్రుడు ఈమధ్య నాతో వాదించాడు. ఆయన సైన్సు మాస్టారుగా పదవీ విరమణ చేసినవాడు. నేను తెలుగు పండితుణ్ణి. అయినా ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకూ ఉన్నది. తెలుగు పదాన్ని పట్టుకొని రసాయన శాస్త్రంలో తప్పు చెప్పిన చరిత్ర నాది!

ఒకనాడు సైన్సు మాస్టారు సెలవులో ఉంటే ఏడవ తరగతికి వెళ్లాను. పాఠం ఆమ్లాలు, క్షారాలు. ఆమ్లమంటే పులుపని చెప్పి, క్షారానికి వచ్చేసరికి నాలోని వైయాకరణుడు మేల్కొన్నాడు. సంస్కృత క్షారమే తెలుగులో కారమయిందనీ, సర్జికాక్షారం సజ్జకారమయిందనీ ఉత్సాహంగా వివరించాను. ఒక బాలిక లేచి, "మాస్టారూ, అయితే మిరప్పొడి కూడా క్షారమేనాండీ?" అన్నది. "సందేహమేమిటమ్మా!" అన్నాను.

త్రైమాసిక పరీక్షలో ఆ పిల్ల క్షారానికి ఉదాహరణగా మిరప్పొడి అని వ్రాసి మార్కులు పోగొట్టుకున్నది. జవాబు పత్రం తెచ్చి నా బల్లపై పెట్టి నిలబడింది. ఒక్క మాట అనలేదు.

మిరపకాయ మంటకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం, క్షారగుణం కాదు. పచ్చిమిరపకాయ నలిపిన నీటిలో పసుపు కాగితం ముంచితే పసుపుగానే ఉంటుంది. సున్నపు నీటిలో ముంచితే పారాణిలా ఎర్రబడుతుంది. సురేకారం సంగతి మరీ చిత్రం. పేరులో కారమున్నా అది పొటాషియం నైట్రేట్ అనే తటస్థ లవణం. వ్యుత్పత్తి పదం నడిచివచ్చిన దారిని చెబుతుందే గాని సీసాలోని వస్తువు గుణం చెప్పదు. ఈపాటి ఇంగితం నాకు ఆ రోజు లేకపోయింది.

ఇక ఆమ్లజని. ఆమ్లాన్ని పుట్టించేది అని దాని అర్థం. ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉంటుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవోయిజర్ భావించి ఆ పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని నిరూపించాక, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని తేలిపోయింది. నిజానికి బడిలో చెప్పే ఆమ్లాలన్నీ నీటిలో ఉదజని అయాన్లను ఇచ్చేవే. పేరు తప్పే, ఒప్పుకుంటాను. కాని మిత్రమా, గ్రీకు మూలాలు విప్పిచూస్తే ఆక్సిజన్ అన్నా అర్థం అదే కదా! జర్మన్లు నేటికీ దాన్ని పులుపు పదార్థమనే పిలుస్తారు. ఆ తప్పు లెవోయిజర్‌ది. మనవాళ్లు దాన్ని నిజాయితీగా అనువదించారు, అంతే. ఇంగ్లీషు పేరులో మన పిల్లలకు ఆ తప్పు కనబడదు. తెలుగులో కనబడుతుంది. కనబడే తప్పు నుంచి ఒక మంచి పాఠం పుడుతుంది.

నా మనుమరాలు ఇంగ్లీషు మాధ్యమంలో ఏడవ తరగతి చదువుతున్నది. 'బేస్' అంటే ఏమిటే అంటే నిర్వచనం గడగడా అప్పజెప్పింది. ఇంట్లో ఒకటి చూపించమన్నాను. వాళ్ల నాయనమ్మ తాంబూలపు పెట్టెలోని సున్నపు కాయ పక్కనే కూర్చుని, "మనింట్లో అలాంటివి ఉండవు తాతయ్యా" అన్నది. నా భయమంతా ఇదే. అప్పజెప్పిన మాటకూ ఇంట్లో ఉన్న వస్తువుకూ మధ్య చుట్టరికం తెగిపోతున్నది. తెలుగు మాధ్యమంలో ఇలా జరగదని నేననను. మనమూ బట్టీయే పట్టించాము. కాని 'క్షారం' అన్నప్పుడు కనీసం ఒక పిల్ల లేచి మిరప్పొడి సంగతి అడిగింది.

ఆ సాయంత్రం మనుమరాలి చేత కాగితం ముక్కలకు పసుపు పూయించి ఆరబెట్టించాను. సున్నపు నీరు, సబ్బు నీరు, మజ్జిగ, నిమ్మరసం వరుసగా పెట్టుకొని కూర్చున్నది. చివర తనే వంటింట్లోకి వెళ్లి ఒక పచ్చిమిరపకాయ తెచ్చుకొని, "ఇది ఏమవుతుంది తాతయ్యా?" అన్నది.

ఈసారి నేను నోరు విప్పలేదు. కాగితం ఆమె చేతికిచ్చాను.