చందా సరే, ముందు ఆస్పత్రి చీటీలో ఏం రాశారో చూడండి

మన గ్రూపులో యాక్సిడెంట్ కబురు రాగానే గంటలో ఫోన్‌పే నంబరు పెడతాం, సాయంత్రానికి కొంత డబ్బు పోగవుతుంది. మంచిదే. కానీ లక్షల్లో రావలసిన పరిహారం ఆ రాత్రే చేజారిపోతుంటే చూసేవాళ్లు ఉండరు. చందా కంటే ముందు మన మనుషులు ఇద్దరు ఆస్పత్రికి వెళ్లాలి అంటాను నేను.

ఎందుకంటే, బెంగళూరులోనో హోసూరులోనో మన మేస్త్రీనో, డెలివరీ పిల్లాడినో లారీ గుద్దితే, దారిన పోయేవాళ్లు ఎవరో తెచ్చి కేజువాలిటీలో దించుతారు. 'ఏనాయ్తు?' అని డ్యూటీ డాక్టరు అడిగితే, నొప్పిలో ఉన్న మనిషి వచ్చీరాని కన్నడంలో 'గాడీ ఇంద బిద్దె' అంటాడు. బండి మీంచి పడ్డాడని రాసుకుంటారు. లారీ మాటే ఉండదు. తర్వాత ఇన్సూరెన్స్ లాయరు కోర్టులో ఆ ఒక్క లైనే చదువుతాడు: తనంతట తాను పడ్డాడు, మా లారీకేం సంబంధం? పోలీసు కంప్లయింటు కూడా పది రోజులు ఆలస్యమైతే ఇక చెప్పక్కర్లేదు. ఏ బండి గుద్దిందో ఆ రాత్రే రాయించాలి, ఎంఎల్‌సీ అయ్యేలా చూడాలి. అప్పటికే తప్పు రాసి ఉంటే, పోలీసులకిచ్చే వాంగ్మూలంలో అసలు సంగతి, చూసినవాళ్ల పేర్లు వెంటనే చెప్పాలి.

ఇంకో చిక్కు, పుత్తూరు కట్టు. ఆ వైద్యాన్ని తప్పుపట్టడం లేదు, నమ్మకం ఎవరిది వాళ్లది. అయితే డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి వెళ్లిపోతే, ఎముక వంకరగా అతుక్కోవడం మీ స్వయంకృతమే అంటారు. వెళ్లేవాళ్లు ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ సమ్మరీ చేతికి తీసుకున్నాకే కదలండి.

అసలు డబ్బు తేలేది వైకల్యం శాతం దగ్గర. డాక్టరు కాలికి 45 శాతం అని రాస్తాడు. అది కాలి లెక్క, మొత్తం శరీరానికి మూడో వంతుగా తీసుకుని 15 అనడం ట్రిబ్యునళ్లలో మామూలు. కానీ రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: శరీరం ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని చూడాలి. ఎడమ చెయ్యి పోతే గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు, డ్రైవరుకూ వడ్రంగికీ దాదాపు నూటికి నూరూ పోయినట్టే.

38 ఏళ్ల మేస్త్రీ, నెలకు 15,000. ఆ వయసుకు మల్టిప్లయరు 15, అంటే మొత్తం 27 లక్షలు. అందులో 15 శాతం అయితే 4,05,000. సారువ ఎక్కలేడు, బరువు మోయలేడు అని రుజువు చేసి 40 శాతం ఒప్పిస్తే 10,80,000. తేడా చూడండి! కానీ రుజువు చేయాల్సింది డాక్టరు సాక్ష్యంతో. ఆయన కోర్టుకు రానంటాడు. అప్పుడు బ్రోకరు వేరే డాక్టరు సర్టిఫికెట్ తెస్తాడు. వైద్యం చేయని డాక్టరు ఇచ్చే రెడీమేడ్ సర్టిఫికెట్లతో జాగ్రత్త అని ఆ తీర్పే ట్రిబ్యునళ్లను హెచ్చరించింది. డాక్టరుకు ఫలానా టైము ఇచ్చి పిలవండి, లేదా కమిషన్ వేసి సాక్ష్యం తీసుకోండి అని కూడా అంది. మీ లాయరును ఆ పిటిషన్ వేయమని గట్టిగా అడగండి.

కేసు ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, సొంతూళ్లో నివాసముంటే అక్కడి ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు. చాలామంది చిత్తూరో అనంతపురమో అంటారు. వైద్యం చేసిన డాక్టరు బెంగళూరులో ఉంటే అంత దూరం వస్తాడా? నేనైతే ఇక్కడే వేయమంటాను. గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు, 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే నియమం. దీన్ని కోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు గానీ, వాళ్లను నమ్ముకుని కూర్చోకండి.

కన్నడం, తమిళం చదవడం రాయడం వచ్చినవాళ్లు, రాత్రిపూట ఫోన్ ఎత్తగలిగినవాళ్లు మీ పేర్లు కింద పెట్టండి. నలుగురు దొరికితే చాలు, ఈ ఆదివారం మీటింగులో వంతులు వేసుకుందాం.