మంచి రోడ్లు అడిగింది సైకిలే

నాది సైకిల్ షాపు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు లేచిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరాక ప్యాచ్ అతికించడం నా రోజువారీ పని. గాలి నింపే ఈ టైరును 1880ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం తయారుచేశాడు. అంతకు ముందే, 1885లో, ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. దాదాపు సమానమైన చక్రాలు, వెనక చక్రానికి చైను. పాత సైకిళ్ల ఎత్తైన ముందు చక్రం మీంచి బోర్లాపడే భయం పోయింది. ఆడవాళ్లూ తొక్కారు. ధర తగ్గేకొద్దీ కూలీనాలీ జనమూ పనికి దానిమీదే వెళ్లారు.

మంచి రోడ్ల కోసం ముందుగా గొంతెత్తిందీ సైకిల్ జనమే. బ్రిటన్‌లో 1886లో సైకిల్ సంఘాలు రోడ్ల బాగు కోసం ప్రత్యేక సంస్థే పెట్టాయి. అమెరికాలో 1880లో పుట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ కూడా అదే పోరాటం చేసింది. అప్పటికి కార్లు జనంలోకి రానేలేదు.

మరి ఇవాళ? నా షాపుకొచ్చే పేపర్ కుర్రాడు, వాచ్‌మన్, తాపీ మేస్త్రి లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కుతున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. సంతోషమే. కానీ రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లకు దారి కావాల్సింది ఊరి లోపల, బస్తీకీ కూలీల అడ్డాకీ మార్కెట్‌కీ మధ్య. కొత్త రోడ్డుకు ప్లాను గీసేటప్పుడే సైకిల్ దారీ గీయాలి. అది లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు.